పిల్లలకు పక్షులు చూపియ్యడానికి: హైదరాబాద్ జూలోని వాక్ త్రూ ఏవియరీనా (మనమే లోపలికి పోయి నడుసుకుంట పక్షుల్ని చూసే పెద్ద జాలి పంజరం), పాకాల చెరువా?

హనుమకొండ, వరంగల్ స్కూళ్లల్ల చలికాలం రాంగనే ఇదే పంచాయితీ.

ఖర్చు: పాకాల నర్సంపేట అవతలనే, యాభై కిలోమీటర్ల చిల్లర, పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. హైదరాబాద్ అంటే నూటయాభై దాకా, పైగా బస్సు కిరాయి, టికెట్లు, రెండు పూటల తిండి.

పక్షులు కనబడుడు: ఏవియరీల గ్యారంటీ, పిల్లగాండ్ల పక్కకెళ్లే నడుస్తయి, ముక్కు, కాళ్లు, ఈకలు దగ్గర్నుంచి చూసి బొమ్మలు గీసుకోవచ్చు. పాకాలల గ్యారంటీ లేదు, తెల్లారకముందే బయల్దేరాలె, బైనాక్యులర్స్ లేకుంటే నీళ్ల మీద నల్లచుక్కలే కనబడ్తయి, కానీ 1213లో గణపతిదేవుడు కట్టించిన చెరువు అని చెప్తే సోషల్ టీచర్ కూడ ఖుషీ.

రిస్క్: ఇదే అసలు సంగతి. పాకాలల లోతు నీళ్లు, చుట్టూ అడవి, యాభైమందిని ఒక్క టీచర్ చూస్కోలేడు, పదిమందికి ఒక్క పెద్దమనిషన్న ఉండాలె. ఏవియరీల వేరే తిప్పలు: రెండు తలుపులుంటయి, ఒకటి మూసినంకనే ఇంకోటి తియ్యాలె, లేకపోతే పక్షి బయటికి. గుంపుగ దూరితే అరుపులకు అవి బెదిరి పైకెక్కి కూసుంటయి, అందుకే చిన్న బ్యాచులు చెయ్యండి. కుర్‌కురేలు బస్సులనే వదిలిపెట్టాలె, బయటికొచ్చినంక సబ్బుతోని చేతులు కడిగియ్యాలె (మా పిల్లలైతే నీళ్లు చల్లుకునుడే కడుగుడు అనుకుంటరు).

సోమవారం జూకు సెలవు, చూస్కోండి.

ఐదో తరగతి లోపు పిల్లలకు, ఓపిక తక్కువున్నోళ్లకు ఏవియరీనే. ఎనిమిది, తొమ్మిదోళ్లు, చిన్న గ్రూపు, నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల అయితే నేనైతే పాకాలకే ఓటు.