జాగ్రత్త: పాత గ్లెన్‌డ్రోనాక్ 15 అని చెప్పి కొత్త సీసా అంటగడుతున్నారు

పాత బాట్లింగ్, అంటే ఏళ్ల కిందట సీసాల్లో నింపిన, సింగిల్ మాల్ట్ స్కాచ్ విస్కీల కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్న వారందరికీ, ముఖ్యంగా బ్రిటన్‌లో కొని ఇంటికి తీసుకువెళ్లే మన తెలుగువారికి ఈ హెచ్చరిక రాస్తున్నాను. గ్లెన్‌డ్రోనాక్ అనే డిస్టిలరీ (విస్కీ తయారీ కేంద్రం) వారి 15 ఏళ్ల ‘రివైవల్’ పాత బాట్లింగ్ అని, 2014లో నింపినదని ప్రకటించి, కొత్త సీసా ధరకు రెండింతలకు పైగా తీసుకుని, ఒక అమ్మకందారు నాకు పంపినది 2019లో నింపిన సీసా. పెట్టె మాత్రం నిజంగా పాతదే. పాత పెట్టెలో కొత్త సీసా పెట్టి అమ్మడం ఎంత సులువో, కొనేవారు దాన్ని ఎలా పట్టుకోవచ్చో వివరంగా చెప్పడం అవసరమనిపించింది.

రెండు సీసాల మీదా 15 అనే ఉన్నప్పుడు తేడా ఏముందని అడిగేవారు ఉంటారు. ఆ తేడా తెలియాలంటే ఈ డిస్టిలరీ చరిత్ర కొంత తెలియాలి. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌షైర్‌లో, హంట్లీ పట్టణానికి దగ్గరగా, ఫోర్గ్ అనే చోట 1826లో మొదలైన గ్లెన్‌డ్రోనాక్ 1996లో మూతపడి, మళ్లీ 2002లో తెరుచుకుంది. మూతపడి ఉన్న ఆ కాలంలో అక్కడ ఒక్క చుక్క స్పిరిట్ (పీపాలో మగ్గి విస్కీ అయ్యే సారా) కూడా తయారు కాలేదు. స్కాచ్ నిబంధనల ప్రకారం లేబుల్ మీద వేసే వయసు ఆ సీసాలో ఉన్న విస్కీలన్నింటిలో అతి పిన్నదాని వయసు. అంతకన్నా ముదిరిన విస్కీ అందులో ఎంత కలిసినా అభ్యంతరం లేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి లెక్క వేస్తే, 2014లో నింపిన 15 ఏళ్ల సీసాలోకి 2002 తరువాతి స్పిరిట్ రావడం అసాధ్యమని తేలుతుంది, ఎందుకంటే దానికి అప్పటికి 12 ఏళ్లే. అంటే ఆ సీసాలోనిదంతా 1996లోనో అంతకు ముందో తయారైనదే కావాలి. లేబుల్ 15 అని చెబుతున్నా, లోపల ఉన్నది కనీసం 17 ఏళ్లు పీపాలో మగ్గిన సరుకు. 2015 నాటి సీసాల్లో అది ఇంకా ముదిరింది. ఆ ఏడాదే కంపెనీ 15 ఏళ్లదాన్ని ఆపివేసి, కొత్త స్పిరిట్‌కు వయసు వచ్చిన తరువాత 2018లో తిరిగి విడుదల చేసింది.

పాత సీసాకు ఎక్కువ ధర పలకడానికి అసలు కారణం ఇదే. ఇది మోజు కొద్దీ ఇచ్చే ధర కాదు; లేబుల్ చెప్పిన దానికన్నా ఎక్కువ కాలం షెర్రీ అనే స్పెయిన్ వైన్ ఉంచిన పీపాల్లో ఉన్న విస్కీకి ఇచ్చే ధర. పైగా పీపాల్లోనూ మార్పు వచ్చింది. పాత రివైవల్ పూర్తిగా ఒలొరోసో రకం షెర్రీ పీపాల్లో పండినది కాగా, 2018 నుంచి వస్తున్నది పెడ్రో హిమెనెజ్ అనే మరో రకం షెర్రీ పీపాలు, ఒలొరోసో పీపాల కలయిక. రెండింటి ఘాటూ, అంటే ఆల్కహాల్ పాలు, 46 శాతమే కనుక ఆ అంకె చూసి తేడా పట్టడం కుదరదు. ఈ డిస్టిలరీ 2005 దాకా తన బట్టీలను బొగ్గు మంట మీదనే నడిపి, ఆ తరువాత ఆవిరికి మారింది. కాబట్టి 2018, 2019లో నింపిన సీసాల్లో ఉన్నది కూడా బొగ్గు మంట మీద కాచినదే. పాతదానికీ దీనికీ ఉన్న తేడా వయసులోనూ పీపాలోనూ ఉందే తప్ప మంటలో లేదు. బొగ్గు మాట చెప్పి పాతదంటూ ధర పెంచే ప్రకటనలు కూడా కనిపిస్తున్నాయి కనుక ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇక నాకు జరిగినది చెబుతాను. ప్రకటనలోని ఫోటోలో పెట్టె ముందు, సీసా దాని వెనుక సగం కనబడేలా నిలబెట్టి ఉన్నాయి. సీసా లేబుల్ కింది భాగం, అంటే పీపాల వివరం ఉండే చోటు, సరిగ్గా పెట్టె అంచు వెనక్కి పోయింది. మూత చుట్టూ ఉన్న తొడుగు చెక్కుచెదరలేదని చూపడానికి దగ్గరగా తీసిన మరో ఫోటో ఉంది. సీసా వెనుక వైపు ఫోటో గాని అడుగు భాగం ఫోటో గాని లేదు. అడిగితే “పార్సిల్ కట్టేశాము, లోపల అంతా బాగానే ఉంది” అని జవాబు వచ్చింది. వివరణలో మాత్రం 2014 బాట్లింగ్ అని స్పష్టంగా రాసి ఉండడం వల్ల, వారు రాసిన మాటకు వారే బాధ్యులన్న ధీమాతో క్రెడిట్ కార్డు మీద కొన్నాను.

సీసా చేతికి రాగానే చూసినది గాజు మీది కోడ్. ఈ డిస్టిలరీ సీసాల మీద అడుగుకు దగ్గరగా, లేజర్‌తో చెక్కినట్టుండే సన్నని అంకెల వరుస ఉంటుంది. మామూలు వెలుతురులో అది కనబడదు. సీసాను దీపానికి అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా తిప్పితే ఒక కోణంలో తెల్లగా మెరుస్తుంది. అందులో ఏడాది, నెల, రోజు వరుసగా ఉంటాయి. నా సీసా మీద ఆ వరుస 2019తో మొదలైంది. పెట్టె వెనుక మాత్రం విస్కీ ఒలొరోసో పీపాల్లో పండిందని రాసి ఉంది. సీసా లేబుల్ మీద పెడ్రో హిమెనెజ్ పేరు ఉంది. పెట్టె ఒక మాట, సీసా ఒక మాట చెబుతుంటే ఇక సందేహానికి తావు లేదు.

అయినా రుచి చూడకుండా ఫిర్యాదు చేయడం న్యాయం కాదనిపించింది. 2013లో నింపిన సీసా ఉన్న స్నేహితుడొకరు దయతో కొంత ఇచ్చారు. రెండూ ఒకే తరహా గ్లాసుల్లో, నీళ్లు కలపకుండా పక్కపక్కన పెట్టుకుని చూశాము. పాతదానిలో ఎండుద్రాక్ష, అంజూరం, చేదు చాక్లెట్, తోలు వాసన, వాటన్నింటి అడుగున పాత చింతపండు పులుసులో ఉండే ఆ నలుపు తిరిగిన ముదురు రుచి చాలాసేపు నిలిచాయి. కొత్తదానిలో నారింజ తొక్క, తేనె, బెల్లపు తీపి ముందుకు వచ్చాయి. ఘాటు కాస్త పదునుగా, చురుకుగా ఉంది, నాలుక మీద తొందరగా ముగిసింది. కొత్తది చెడ్డ విస్కీ అని నేను అనడం లేదు. దాని ధరకు అది చాలా మంచి విస్కీ, షెర్రీ మాల్ట్ కావాలనేవారికి ఇప్పటికీ నేను సిఫారసు చేస్తాను. నా అభ్యంతరమంతా ఒక విస్కీ పేరు చెప్పి మరొకటి అమ్మడం గురించే.

అమ్మకందారుకు కోడ్ ఫోటోతో సహా రాస్తే, 15 ఏళ్లది అడిగారు, 15 ఏళ్లదే పంపాము అన్నారు. సీసా తెరిచారు కనుక వెనక్కి తీసుకోబోమని కూడా అన్నారు. ఇలాంటి జవాబు వస్తే వెనక్కి తగ్గనక్కరలేదు. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వ్యాపారి అమ్మిన వస్తువు తన వివరణకు సరిపోలాలి. సరిపోలకపోతే 30 రోజుల లోపు తిరస్కరించి పూర్తి సొమ్ము అడగవచ్చు. క్రెడిట్ కార్డు మీద 100 పౌండ్లకు మించిన వస్తువు కొంటే, 1974 వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు సంస్థకు కూడా అమ్మకందారుతో సమానంగా బాధ్యత ఉంటుంది. నా సొమ్ము ఆ దారిలోనే వెనక్కి వచ్చింది. ప్రకటన తొలగించక ముందే దాని స్క్రీన్‌షాట్లు తీసి ఉంచడం ఇక్కడ చాలా ఉపయోగపడింది, ఎందుకంటే ఫిర్యాదు వెళ్లిన వెంటనే వివరణలో నుంచి 2014 అన్న అంకె మాయమైంది. వేలంలో ఒక సాధారణ వ్యక్తి అమ్మిన సీసా అయితే మాత్రం ఈ రక్షణ చాలా వరకు ఉండదు. అక్కడ వేలం సంస్థ పెట్టే ఫోటోలు, షరతులే మీకు ఆధారం. కాబట్టి వేలంలో బిడ్ వేసే ముందు అడగవలసినవన్నీ అడగండి.

ఈ లెక్క 15 ఏళ్లదానికే పరిమితం కాదు. గ్లెన్‌డ్రోనాక్ 12 ఏళ్లది 2013లో నింపినదైతే అందులోదీ మూతపడక ముందు తయారైనదే. 2014 నుంచి మాత్రం కొత్త స్పిరిట్ అందులోకి రావడానికి అవకాశం ఉంది. 18 ఏళ్ల ‘అలర్డిస్’ విషయంలో ఆ హద్దు 2020. అంటే 2019లో నింపిన అలర్డిస్ లేబుల్ చెప్పినదానికన్నా కనీసం 4 ఏళ్లు ముదిరినది. 21 ఏళ్ల ‘పార్లమెంట్’కు హద్దు 2023. ఈ సంవత్సరాలు దగ్గర పెట్టుకుంటే, ‘పాత స్టాకు’ అని ఎవరు చెప్పినా ఆ మాట నిజమో కాదో గాజు మీది కోడ్‌తో మీరే తేల్చుకోవచ్చు. ఇటీవలి పెట్టెల మీద చిల్ ఫిల్టర్ చేయలేదన్న (విస్కీని చల్లబరిచి వడకట్టలేదన్న) మాట తీసేశారు కనుక, ఆ మాట ఉన్న పెట్టెలకు కూడా గిరాకీ ఏర్పడింది. పెట్టెలు విడిగా చేతులు మారుతున్నప్పుడు పెట్టె మీది అక్షరాలు సీసాకు సాక్ష్యం కాలేవు.

ఇంకా పాతవి, అంటే 1970, 80ల నాటి సీసాలు వెతికేవారికి ప్రమాదం మరీ ఎక్కువ. అక్కడ కొత్తది అంటగట్టడమే కాదు, ఖాళీ సీసాలో మరేదో నింపి అమ్మడం కూడా ఉంది. 2017లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మొరిట్జ్‌లో ఒక హోటల్ 1878 నాటి మకాలన్ (పేరున్న స్కాచ్ సింగిల్ మాల్ట్) అని ఒక్క పెగ్గు 9,999 స్విస్ ఫ్రాంకులకు అమ్మింది. ఫోటోలు చూసిన నిపుణులు అనుమానం వ్యక్తం చేయడంతో హోటల్ వారే నమూనా పరీక్షకు పంపగా, అది 1970 ప్రాంతపు బ్లెండ్ (పలు విస్కీల మిశ్రమం) అని తేలింది. హోటల్ ఆ కొనుగోలుదారుకు సొమ్ము తిరిగి ఇచ్చింది. మరుసటి ఏడాది స్కాటిష్ విశ్వవిద్యాలయాల పర్యావరణ పరిశోధన కేంద్రం 55 అరుదైన సీసాలను రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే, 21 సీసాలు నకిలీవో, లేబుల్ మీది ఏడాదికి చెందనివో అయ్యాయి. 1950, 60లలోని అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆ తరువాత పండిన బార్లీలోకి చేరింది కనుక, అబద్ధం అక్కడ దాగలేదు.

మనకు ప్రయోగశాల అందుబాటులో ఉండదు గాని, కొన్ని గుర్తులు ఉన్నాయి. బ్రిటన్ మార్కెట్ సీసాల మీద సుంకం స్టాంపు 2006లో వచ్చి 2025లో రద్దయింది. 1980ల సీసా అని చెప్పినదాని మీద ఆ స్టాంపు కనబడితే అక్కడితో ఆగిపోండి. బ్రిటన్‌లో 1990 ప్రాంతం దాకా సీసా పరిమాణం 75 సెంటీలీటర్లు, తరువాత 70. అయితే అమెరికాకు వెళ్లే సీసాలు ఆ తరువాత కూడా 750 మిల్లీలీటర్లే కనుక 75 అన్న అంకె ఒక్కటే పాతదనానికి రుజువు కాదు. 1980కి ముందు బ్రిటన్‌లో ఘాటును 70 ప్రూఫ్ అని రాసేవారు, అది నేటి 40 శాతానికి సమానం. విస్కీ మట్టం కూడా చూడాలి: ఏళ్ల తరబడి నిలబెట్టి ఉంచిన సీసాలో మట్టం కొంత దిగడం సహజం. 40 ఏళ్ల నాటిదని చెప్పిన సీసా మెడ దాకా నిండుగా ఉంటే, మరీ బిరడా కొత్తగా మెరుస్తుంటే, మరిన్ని ఫోటోలు అడగండి.

హైదరాబాదుకో విజయవాడకో సీసా తీసుకువెళ్లేవారికి ఒక ప్రత్యేకమైన మనవి. భారత కస్టమ్స్ సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లు అనుమతిస్తుంది కనుక చాలామంది ఒకటి రెండు మంచి సీసాలు మామయ్యకో బావగారికో కానుకగా తెస్తారు. అది అక్కడికి చేరాక, ఏ పెళ్లికో పండగకో తెరిచినప్పుడు మోసం బయటపడితే, అప్పటికి 30 రోజుల గడువు దాటిపోయి ఉంటుంది, సీసాను తిరిగి పంపే దారీ ఉండదు. విమానం ఎక్కక ముందే పెట్టె తెరిచి గాజు మీది కోడ్ చూసుకోండి. అలాగే డ్యూటీ ఫ్రీలో తెచ్చినదంటూ ఊళ్లో చేతి మీద అమ్మే పాత బాట్లింగ్‌లకు రశీదు ఉండదు, లైసెన్సు లేకుండా మద్యం అమ్మడమే నేరం, ఇక మీ ఫిర్యాదు వినేవారు ఎవరూ ఉండరు.

అదే పెట్టె అంచు వెనుక సగం దాగిన సీసా ఫోటో, వేరే వివరణతో ఇప్పుడు మళ్లీ అమ్మకానికి కనిపిస్తోంది. గ్లెన్‌డ్రోనాక్ 15 పాతది కొనాలనుకునేవారు డబ్బు కట్టే ముందు మూడు ఫోటోలు అడగండి: సీసా లేబుల్ పూర్తిగా కనబడేది, వెనుక వైపుది, వెలుతురుకు అడ్డంగా పట్టి తీసిన కోడ్‌ది. కోడ్‌లోని ఏడాది 2015 లేదా అంతకు ముందుది అయితేనే పాత ధర ఇవ్వండి. అమ్మకందారు కోడ్ ఫోటో పంపకపోయినా, కోడ్ గీకేసి ఉన్నా, ఎంత తగ్గించి ఇస్తానన్నా ఆ సీసా తీసుకోకండి.