పాత కళాశాల భవనం బాగు చేయించబోతున్నవారికి ఒక హెచ్చరిక

పాత కళాశాల భవనానికి మరమ్మతులు చేయించే కమిటీల్లో ఉన్నవారు, ఇప్పటికే కొటేషన్లు తెప్పించుకున్నవారు సంతకం పెట్టే ముందు ఇది ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. మా కళాశాలలో ఇటుక, సున్నంతో కట్టిన రెండంతస్తుల తరగతి భవనాన్ని పునరుద్ధరించే పనిని, పాత కట్టడాల్లో అనుభవం ఉందని చెప్పుకున్న ఒక సంస్థకు అప్పగించి మోసపోయాం. ఒప్పందం మీద ఉన్న సంతకాల్లో నాదీ ఒకటి కాబట్టి ఇందులో నా తప్పు కూడా ఉంది. సంస్థ పేరు రాయడం లేదు. ఈ పద్ధతిలో పనిచేసేది ఆ ఒక్కరే కాదు కనుక పేరు కంటే పద్ధతి తెలియడమే మీకు ఎక్కువ ఉపయోగం.

వానలకు ముందు పని పూర్తయింది. గోడలు అద్దంలా కనిపించాయి, చూసినవారందరూ మెచ్చుకున్నారు. వానాకాలం గడిచేసరికి కింది అంతస్తులో నడుము ఎత్తు వరకు రంగు బొబ్బలు కట్టింది, ఆ బొబ్బల కింద తెల్లటి ఉప్పు పొడి పేరుకుంది, తరువాత ప్లాస్టరింగ్ పలకలు పలకలుగా ఊడిపడింది. ఊడిన పలక వెనుక ఇటుక పైపొర కూడా అంటుకుని వచ్చింది. ప్లాస్టరింగ్ మళ్లీ చేయించుకోవచ్చు, కాలిన ఇటుకకు ఉండే ఆ గట్టి పైపొరను మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

కారణం చాలా మామూలుది, పాత పనులు తెలిసిన ఏ మేస్త్రీని అడిగినా చెప్పేది. పాత గోడలకు పునాది దగ్గర చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు కనుక నేలలోని తడి, అందులో కరిగిన లవణాలతో సహా, గోడలోకి పాకుతుంది. సున్నం మెత్తనిది, సన్నని రంధ్రాలు ఉన్నది కాబట్టి ఆ తడి దాని గుండా బయటికి వచ్చి గాలికి ఆరిపోతుంది. అటువంటి గోడకు ఇటుక కంటే గట్టిదైన సిమెంటు పూసి, పైన నీరు చొరని రంగు వేస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లవణాలు లోపలే గడ్డకట్టి ఇటుకను పొరలు పొరలుగా పగలగొడతాయి. ఇప్పుడు మనం మామూలుగా వాడే పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చింది 1824లో, అది అంతటా వాడుకలోకి రావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. కాబట్టి మీ భవనం ఏ కాలంలో కట్టినదో, గోడలో ఉన్నది సున్నమో సిమెంటో తేలకుండా ఎవరైనా అంచనా రాసి ఇస్తే అక్కడే అనుమానించాలి.

ఇది తెలిసి కూడా ఎలా మోసపోయారని అడగవచ్చు. మా కొటేషన్‌లో ‘సున్నపు ప్లాస్టరింగ్ లేదా తత్సమానమైనది’ అని ఉంది. ఆ ‘తత్సమానం’ అనే మాటను మేము మర్యాదకు రాసినదిగా భావించాం, వారు దాన్నే ఆధారం చేసుకున్నారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును నెమ్మదిగా పీల్చుకుంటూ గట్టిపడుతుంది; పలుచని పూతలుగా వేసి, ఒక్కొక్క పూతకు సమయం ఇచ్చి, మధ్యలో తడి ఆరిపోకుండా చూసుకోవాలి. సిమెంటుతో అదే గోడను కొద్ది రోజుల్లో ముగించవచ్చు, మిగిలిన కూలి అంతా వారి లాభం. ప్రిన్సిపాల్ గది పక్కన నమూనాగా ఒక గోడకు మాత్రం నిజంగానే సున్నం పూసి చూపించారు, మేమంతా తడిమి చూసి ఆమోదించాం. మిగతా గోడలకు సిమెంటు మెత్తి, అది ఆరీ ఆరకముందే రంగు వేసేశారు కనుక అడుగున ఉన్న బూడిద రంగు మా కంట పడలేదు. ప్రతి గదిలోనూ రంగు వేయకముందు గోడను చూసి, ఫోటో తీసి, కొలతల పుస్తకంలో రాసుకున్న తరువాతే తదుపరి పనికి అనుమతిస్తామని ఒప్పందంలో ఒక్క వాక్యం ఉండి ఉంటే ఇది జరిగేది కాదు.

వరండా శ్లాబు తరువాతి కాలంలో కాంక్రీటుతో వేసినది. అక్కడ పెచ్చులు ఊడిన చోట్ల తుప్పు పూర్తిగా గోకకుండానే చువ్వల మీద మిశ్రమం మెత్తి, దానికి ‘నిర్మాణ పటిష్ఠీకరణ’ పేరుతో బిల్లు పెట్టారు. కాంక్రీటు చువ్వను ఇంకా కాపాడుతున్నదో లేదో తెలుసుకోవడానికి అప్పుడే పగలగొట్టిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే చాలు. చువ్వను తుప్పు పట్టకుండా కాపాడే క్షారగుణం కాంక్రీటులో మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు. ఆ పరీక్ష చేయమని అడిగితే కంటికి కనబడుతుంటే పరీక్ష దేనికన్నారు. మేము ఊరుకున్నాం.

కిటికీల విషయం తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. చట్రాల అడుగు భాగం మాత్రమే పుచ్చింది. ఆ ముక్క కోసి అదే జాతి కలప అతికితే సరిపోయేది. అన్నీ మార్చాలని మమ్మల్ని ఒప్పించి, చేవ ఉన్న పాత కలపనంతా శిథిలాల కింద జమకట్టి లారీల్లో తీసుకుపోయారు. విప్పిన సామాను ఎవరిదో ఒప్పందంలో లేదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉన్నా, తరగతులు జరుగుతుండగానే మిగిలిన తలుపులను పొడిగా గీకి ఆ దుమ్మును వరండాల్లోకి వదిలారు. వారి కరపత్రంలో 1964 నాటి వెనిస్ ఛార్టర్ ప్రస్తావన ఉండటం విడ్డూరం. చారిత్రక కట్టడాల సంరక్షణకు సంబంధించి, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని చెప్పే అంతర్జాతీయ పత్రం అది. వీరేమో ముఖద్వారం మీద ఎన్నడూ లేని కమాను ఒకటి కట్టి, దాన్ని అదనపు పనిగా చూపించారు.

హామీ కాగితం కూడా జాగ్రత్తగా చదవండి. మాకు ఇచ్చిన ఏడాది హామీ తుది బిల్లు తేదీ నుంచి మొదలైంది, అందులో ‘చెమ్మ వల్ల కలిగే నష్టం మినహా’ అని ఉంది. పాత గోడకు వచ్చే నష్టంలో చెమ్మను మినహాయిస్తే ఇక మిగిలేది ఏమిటో వారే చెప్పాలి. బిల్లులో కొంత సొమ్మును కనీసం ఒక పూర్తి వానాకాలం గడిచే వరకు ఆపి ఉంచే షరతుకు ఒప్పుకోని సంస్థతో మాట్లాడటం అక్కడితో మానేయండి.

ప్రస్తుతం మేము సిమెంటును ఉలితో కొద్ది కొద్దిగా విడదీయిస్తున్నాం. యంత్రం పెడితే ఇటుకలు పగులుతున్నాయి. ఆ సంస్థ ఇతర కళాశాలలకు పంపుతున్న ప్రచార పత్రంలో మా భవనం ఫోటోలు ఉన్నాయని ఈమధ్యే తెలిసింది. అవి పని ముగిసిన మొదటి నెలలో తీసినవి. ఎవరైనా మీకు అటువంటి ఫోటోలు చూపిస్తే అవి ఎప్పుడు తీశారో అడగండి, వీలైతే ఆ భవనం దగ్గరికే వెళ్లి కింది అంతస్తు గోడలను నడుము ఎత్తున చేత్తో తట్టి చూడండి.