ఒలింపస్ టీజీ-6 కెమెరాకు పీటీ-059 హౌసింగ్: ఎంపిక, వాడకం

ఏ తొడుగూ లేకుండానే 15 మీటర్ల లోతు వరకు నీటిలో పనిచేసే కెమెరాకు వేరే హౌసింగ్, అంటే నీరు చొరని గట్టి పెట్టె, ఎందుకని చాలామంది అడుగుతుంటారు. ఒలింపస్ సంస్థ 2019లో తెచ్చిన టీజీ-6 విషయంలో ఈ ప్రశ్న సహజమే. నీటి పైపైనే తేలుతూ చూసే స్నార్కెలింగ్‌తో సరిపెట్టుకునేవారికి, ఈతకొలనులో పిల్లల ఫొటోలు తీసుకునేవారికి హౌసింగ్ అవసరం లేదనే నేనూ చెబుతాను. స్కూబా డైవింగ్ నేర్చుకున్నవారి పరిస్థితి మాత్రం వేరు. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ ఇచ్చే ఓపెన్ వాటర్ అనే తొలి దశ ధ్రువపత్రం ఉంటే 18 మీటర్ల వరకు, ఆ పై దశ పూర్తిచేస్తే 30 మీటర్ల వరకు దిగవచ్చు. మన విశాఖ నుంచి ఎందరో డైవింగ్ కోసం వెళ్లే అండమాన్‌లో, హేవ్‌లాక్ అని ఇప్పటికీ అందరూ పిలిచే స్వరాజ్ ద్వీప్ దగ్గర డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటి చోట్ల చూడదగ్గ దృశ్యాల్లో చాలా భాగం 15 మీటర్ల దిగువనే ఉంటుంది. పీటీ-059 హౌసింగ్‌ను 45 మీటర్ల లోతు వరకు తట్టుకునేలా తయారు చేశారు కనుక, సరదాకు డైవింగ్ చేసేవారెవరికీ లోతు విషయంలో కొరత రాదు.

అయితే ఈ జోడీని నేను సిఫారసు చేయడానికి అసలు కారణం లోతు కాదు. హౌసింగ్ అన్నది ఎంత మంచిదైనా ఎప్పుడో ఒకప్పుడు కారే అవకాశం ఉన్న వస్తువు. సోనీ ఆర్‌ఎక్స్100 వరుసలోని కెమెరాల్లో వెలుతురును ఫొటోగా మార్చే సెన్సర్ పెద్దది, ఒక అంగుళం రకం, ఉంటుంది, కాబట్టి ఫొటో నాణ్యతలో అవి టీజీ-6 కంటే నిస్సందేహంగా మెరుగు. వాటికి సోనీ స్వయంగా చేసిన హౌసింగ్ 40 మీటర్ల వరకు పనికివస్తుంది. కానీ ఆ హౌసింగ్‌లోకి రెండు చెంచాల ఉప్పునీరు చేరినా కెమెరా మీద ఆశ వదులుకోవలసిందే. టీజీ-6 విషయంలో హౌసింగ్ మొదటి గోడ, కెమెరా ఒళ్లు రెండో గోడ. హౌసింగ్ కారుతున్నట్టు కనిపించగానే నిదానంగా, నిబంధనల ప్రకారం పైకి వచ్చేస్తే కెమెరా బతికే అవకాశాలు బాగా ఎక్కువ. పైగా హౌసింగ్‌కు ఇచ్చే వారంటీలు సాధారణంగా లోపల తడిసిపోయిన కెమెరాకు వర్తించవు. మొదటిసారి కొనేవారికి సెన్సర్ పరిమాణం కంటే ఈ రెండో గోడే ముఖ్యమని నా దృఢమైన అభిప్రాయం. కాకపోతే ఆ గోడ పనిచేయాలంటే హౌసింగ్‌లో పెట్టే ముందు కెమెరా బ్యాటరీ మూతనూ, కేబుల్ మూతనూ గొళ్లెం పడేలా మూసితీరాలి. ఎలాగూ హౌసింగ్ లోపలే ఉంటుంది కదా అని ఈ పని వదిలేసేవారు ఉన్నారు.

నాటికామ్ వంటి సంస్థలు చేసే అల్యూమినియం హౌసింగ్‌లు 100 మీటర్ల వరకు తట్టుకుంటాయి. లోపలి గాలిని పంపుతో లాగి, బిగింపు సరిగా ఉందో లేదో నీటిలో దిగకముందే తేల్చుకునే ఏర్పాటు కూడా వాటికి అమర్చుకోవచ్చు. వృత్తిగా చేసేవారికి అవి తగినవే గాని, కెమెరా ధరను మించిన హౌసింగ్ కొనమని అభిరుచి కోసం తీసేవారికి చెప్పలేను. ఇక ఆన్‌లైన్‌లో దొరికే మెత్తని ప్లాస్టిక్ సంచులు వానకు, పడవ మీద చిందే నీటికి సరిపోతాయి. వాటిని డైవింగ్‌కు తీసుకువెళ్లకూడదు.

పీటీ-059 పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన పెట్టె. కెమెరా మీద ఉన్న ప్రతి మీటకూ బయట ఒక మీట ఉంటుంది, డయల్‌ను కూడా బయటి నుంచే తిప్పవచ్చు. షట్టర్ మీట పొడవుగా ఉండడం వల్ల చేతితొడుగుతో కూడా సగం నొక్కి ఫోకస్ పట్టుకోవడం కుదురుతుంది. వెనుక మీటలు మాత్రం కొంచెం ఇరుకుగానే ఉన్నాయి. వెనుక మూత పారదర్శకంగా ఉండడాన్ని నేను అందం కింద కాక భద్రత కింద లెక్కిస్తాను. మూత బిగించాక అంచు పొడవునా ఓ-రింగ్, అంటే నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం, ఎక్కడా తెగని నల్లని గీతలా కనిపించాలి. దీపం వెలుతురులో పెట్టెను నెమ్మదిగా తిప్పుతూ చూస్తే, రింగ్ మీద ఒక్క తల వెంట్రుక పడి ఉన్నా ఆ చోట గీత సన్నగా చీలినట్టు అగుపిస్తుంది. ఆ చీలిక గుండా వచ్చే నీరు లోతులో కాదు, తొలి ఒకటి రెండు మీటర్లలోనే మొదలవుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడే మూతను రింగ్ మీదికి నొక్కుతుంది. 30 మీటర్ల దగ్గర ఆ ఒత్తిడి ఉపరితలం మీది కంటే నాలుగు రెట్లు. అందుకే పడవ నిచ్చెన దగ్గరే ఒక నిమిషం ఆగి, హౌసింగ్‌ను నీటిలో ముంచి, బుడగల వరుస వస్తోందేమో చూసుకోవాలి.

ఓ-రింగ్ సంరక్షణ గురించి కొంత వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ వస్తువు పనితీరంతా దాని మీదే ఆధారపడి ఉంది. రింగ్‌ను గాడి నుంచి తీయడానికి సూదిగాని పిన్నుగాని వాడకూడదు. రెండు వేళ్లతో పక్కకు నెడితే అది ఉబ్బెత్తుగా పైకి లేస్తుంది, లేదంటే మొండి అంచున్న ప్లాస్టిక్ పుల్ల వాడవచ్చు. తీసిన రింగ్‌ను సాగదీయకుండా బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా జారనిస్తే, కంటికి కనబడని ఇసుక రేణువు కూడా చర్మానికి గరుకుగా తగులుతుంది. గాడిని నూలు రాలని గుడ్డతో తుడవాలి. దూది పుల్లలు పోగులు వదులుతాయి కనుక పనికిరావు. ఆ తరువాత తయారీదారు చెప్పిన గ్రీజునే, అదీ రింగ్ నిగనిగలాడేటంత మాత్రమే రాయాలి. గ్రీజు నీటిని ఆపదు. రింగ్ మెలిపడకుండా, పొడిబారకుండా గాడిలో సరిగా కూర్చోవడానికే అది ఉపయోగపడుతుంది. ఎక్కువ రాస్తే దుమ్మును పట్టుకుంటుంది, రింగ్ పదార్థానికి సరిపడని రకం రాస్తే రింగ్ ఉబ్బి పాడవుతుంది. వాడినా వాడకపోయినా ఏడాదికొకసారి రింగ్ మార్చాలి. కొత్త హౌసింగ్‌నైనా, కొత్త రింగ్‌నైనా కెమెరా లేకుండా లోపల ఒక పొడి కాగితం రుమాలు పెట్టి బకెట్ నీటిలో అరగంట ముంచి పరీక్షించుకోవాలి. కెమెరాకున్న తాడును విప్పేయాలి, దాని కొస మూత సందులో చిక్కుకుంటే ఇంత జాగ్రత్తా వృథా.

మసకబారడం రెండో ఇబ్బంది. తీరప్రాంతపు ఉక్కలో మూసిన హౌసింగ్‌లో తేమ కూడా బందీ అవుతుంది. కెమెరా వేడెక్కి, బయట నీరు చల్లగా తగిలినప్పుడు ఆ తేమ ముందరి గాజు మీద సన్నని పొరగా దిగుతుంది. ఎక్కువసేపు 4కే వీడియో తీసినప్పుడు ఇది మరింత త్వరగా జరుగుతుంది. ఏసీ ఉన్న పొడి గదిలో మూత బిగించడం, బాగా ఆరబెట్టిన సిలికా జెల్ పొట్లాన్ని రింగ్‌కు తగలకుండా కెమెరా కింద ఇమడ్చడం, పడవ మీద హౌసింగ్‌ను ఎండలో ఉంచకుండా తడి తువ్వాలు కప్పడం అనే మూడు పనులతో ఈ బెడద దాదాపు తీరిపోతుంది.

ఫొటోల విషయానికి వస్తే, ఈ కెమెరా బలం చిన్న ప్రాణుల దగ్గర బయటపడుతుంది. లెన్స్ ముందు ఒక సెంటీమీటరు దూరం నుంచే ఫోకస్ పట్టే మైక్రోస్కోప్ మోడ్ దీనికుంది. హౌసింగ్ గాజు ఆ దూరంలో కొంత తినేసినా, న్యూడిబ్రాంక్ అనే రంగుల సముద్రపు నత్త వీపు మీది మొప్పల కుచ్చు, పువ్వులా కనిపించే ఎనిమోన్ అనే సముద్రజీవి చేతుల మధ్య దాగిన పీతపిల్ల కళ్లు స్పష్టంగా వస్తాయి. ఈ ధరలో దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. విశాల దృశ్యాల్లో మాత్రం పరిమితి తెలుస్తుంది. చదునైన గాజు గుండా చూసినప్పుడు నీటి వక్రీభవనం వల్ల 25 మిల్లీమీటర్ల లెన్స్ దాదాపు 33 మిల్లీమీటర్ల లెన్స్‌లా పనిచేస్తుంది, అంటే దృశ్యం ఇరుకవుతుంది. హౌసింగ్ ముందు 52 మిల్లీమీటర్ల మర ఉంది కాబట్టి, ఆ కొలతకు సరిపడే, దృశ్యాన్ని విశాలం చేసే వైడ్ లెన్స్‌ను నీటిలోనే బిగించుకోవచ్చు. బిగించాక రెండు గాజుల మధ్య ఇరుక్కున్న బుడగను ఒకసారి వదులు చేసి తోలేయాలి.

ఎరుపు రంగు తొలి కొద్ది మీటర్లలోనే నీటిలో ఇంకిపోతుంది. టీజీ-6లో లోతును బట్టి మార్చుకునే మూడు నీటి అడుగు వైట్ బ్యాలెన్స్‌లు, అంటే రంగులను సరిదిద్దే అమరికలు, ఉన్నాయి. అవి ఉపయోగకరమే గాని, కెమెరా మార్పులు చేయని రా ఫార్మాట్‌లో కూడా భద్రపరిస్తే ఇంటికి వచ్చాక సరిదిద్దుకోవడం సులువు. షట్టర్ వేగాన్నీ, వెలుతురు ద్వారాన్నీ మనమే నిర్ణయించుకునే పూర్తి మాన్యువల్ మోడ్ లేకపోవడం నిజమైన లోటు. ఇక కెమెరాలో పీడనాన్ని కొలిచి లోతు చూపే సెన్సర్ ఉన్నప్పటికీ, మూసిన హౌసింగ్‌లో గాలి ఒత్తిడి మారదు కనుక అది లోతు చెప్పలేదు. ఆ అంకెను నమ్మకుండా, డైవర్లు చేతికి కట్టుకుని లోతు, సమయం చూసుకునే డైవ్ కంప్యూటర్‌నే చూడాలి.

విశాఖ తీరంలో, ముఖ్యంగా వానలు పడి నదుల మట్టి సముద్రంలో కలిసే నెలల్లో, నీరు తేటగా ఉండదు. అప్పుడు కెమెరా సొంత ఫ్లాష్ వేస్తే లెన్స్ ముందున్న మడ్డి రేణువులన్నీ మెరిసి ఫొటో అంతా తెల్లని చుక్కలు పడతాయి. ఫ్లాష్‌కు ముందు వచ్చే, వెలుతురును పరిచే డిఫ్యూజర్ పలక దీన్ని కొంతే తగ్గిస్తుంది. ఫైబర్ కేబుల్‌తో విడి స్ట్రోబ్, అంటే వేరుగా ఉండే ఫ్లాష్, పెట్టుకుని దాన్ని పక్కకు చాచడమే సరైన మార్గం, అంత ఖర్చు పెట్టలేనివారు ఫ్లాష్ ఆపి వస్తువుకు వీలైనంత దగ్గరగా వెళ్లడం మేలు. దగ్గరగా వెళ్లడమంటే పగడాల మీద చెయ్యి ఆనించడం కాదు. వాటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉందన్న మాట అటుంచి, నీటిలో ఒకే లోతున నిలకడగా తేలే నైపుణ్యం కుదిరేవరకు కెమెరానే చేతిలోకి తీసుకోకూడదని నా అభిప్రాయం.

పైకి వచ్చాక హౌసింగ్‌ను తెరవకుండా మంచినీటిలో నానబెట్టి, అందులోనే ప్రతి మీటనూ పలుమార్లు నొక్కాలి. లేకపోతే స్ప్రింగుల దగ్గర ఉప్పు గడ్డకట్టి మీటలు ఇరుక్కుంటాయి. పడవల మీద అందరికీ కలిపి పెట్టే తొట్టిలో దాన్ని వదిలేసి వెళ్లకూడదు, ఇతరుల బరువైన కెమెరాలు తగిలి గాజు గీసుకుపోతుంది. సన్‌స్క్రీన్, స్పిరిట్, థిన్నర్ పాలికార్బొనేట్‌ను బీటలు వారుస్తాయి. విమానంలో తీసుకువెళ్లేటప్పుడు మూత బిగించకుండా, రింగ్ తీసి విడిగా పెట్టాలి. లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే ఉంచాలి.

ఒలింపస్ కెమెరాలకు తరువాత వచ్చిన బ్రాండు ఓఎం సిస్టమ్ పేరుతో 2023లో వచ్చిన టీజీ-7కు కూడా ఇదే హౌసింగ్ సరిపోతుంది. టీజీ-5 ఉన్నవారికి పీటీ-058 వేరుగా ఉంది. ఇతరులు వాడిన పాత హౌసింగ్ కొనేవారు ముందరి గాజు మీది గీతల కంటే రింగ్ కూర్చునే గాడి అంచును, దానికి ఎదురుగా మూత మీదున్న నునుపు పట్టీని శ్రద్ధగా చూడాలి. అక్కడ గోరుకు తగిలేటంత గాటు ఉంటే ధర ఎంత తక్కువైనా తీసుకోవద్దు.