చిన్న సీఎన్‌సీ రౌటర్, మూడేళ్ళ తర్వాత: నా తగవంతా కొలెట్‌తోనే

మూడేళ్ళుగా ఈ చిన్న రౌటర్ మీద, అంటే కంప్యూటర్ చెప్పిన దారిలో కదులుతూ, గిర్రున తిరిగే బిట్‌తో కోసే మెషీన్ మీద, అల్యూమినియం, ఇత్తడి కోస్తున్నాను. బల్ల ఎంత, మోటారు ఎన్ని వాట్లు, కంట్రోలర్ ఏది అన్నవి కొనేముందు అందరూ చూసుకునేవే కాబట్టి వాటి జోలికి పోను. నా కథంతా చిటికెన వేలి కొసంత ఉండే ఒక ముక్క చుట్టూ తిరుగుతుంది. మెషీన్‌తో పాటు స్పిండిల్‌లో (బిట్‌ను తిప్పే ఇరుసులో) పెట్టి ఇచ్చిన ఈఆర్11 కొలెట్ అది, అంటే బిట్ కాడను చుట్టూ బిగించి పట్టుకునే చీలికల గొట్టం. దాని మీద కోపం ఇంకా చల్లారలేదు. ఆ కోపంలో సగం నా మీదే అనుకోండి.

ముందు కొత్తలో సంగతి చెప్పాలి. అప్పటిదాకా నాకు చెక్క, యాక్రిలిక్ తప్ప వేరే అలవాటు లేదు. లోహం అనగానే భయం వేసి ఫీడ్ (బిట్ ముందుకు కదిలే వేగం) బాగా తగ్గించేశాను. 18,000 ఆర్‌పీఎం మీద నిమిషానికి 200 మి.మీ. లెక్క వేస్తే ఒంటి ఫ్లూట్ (కోసే అంచు ఒక్కటే ఉన్న) బిట్ కూడా ఒక్కో చుట్టుకు 0.011 మి.మీ. మాత్రమే కోస్తుంది, నాదేమో రెండు ఫ్లూట్లది, అంటే అందులో సగం. అంత పల్చటి పొరను అంచు కోయదు, రుద్దుతుంది. రుద్దేకొద్దీ వేడి పుడుతుంది, ఆ వేడికి అల్యూమినియం అంచుకు అతుక్కుంటుంది. అతుక్కున్నాక చేతిలో ఉన్నది బిట్ కాదు, ఇనుప పుల్ల. కీచుమని ఒకటే అరుపు. మొదటి నెలలో ఏడు బిట్లు అలా పోయాయి.

తర్వాత ధైర్యం చేసి ఒంటి ఫ్లూట్ కార్బైడ్ బిట్ వేశాను. వ్యాసం 3.175 మి.మీ., ఫీడ్ 720, ఒక్కో పాస్‌కు 0.4 మి.మీ. లోతు. చుట్టుకు 0.04 మి.మీ. పడుతుంది. అరుపు ఆగిపోయింది. బూడిద లాంటి రజను పోయి, తళతళలాడే చిప్స్ రావడం మొదలైంది. ఆ రోజు నా సంబరం ఇంతా అంతా కాదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే చెప్పాను: మెషీన్ భేషుగ్గా ఉంది, రెండు ఫ్లూట్ల బిట్లు పక్కన పెట్టి ఒంటి ఫ్లూట్‌ది వాడండి, అల్యూమినియం వెన్నలా తెగుతుంది. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు. కానీ అది ఎందుకు పనిచేసిందని నేను చెప్పుకుంటూ వచ్చానో, అందులో సగమే నిజం.

ఇత్తడితో నాకు పెద్ద పేచీ లేదు. సీసం కలిపిన, సులువుగా తెగే రకమైతే నూనె కూడా అక్కర్లేదు, పొడిగానే కోయొచ్చు. సూదుల్లాంటి ముక్కలు చొక్కాలో, సాక్సుల్లో, అరచేతిలో దిగబడతాయి, అంతే. కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి వెళ్ళొద్దు, పనయ్యాక చేతులు కడుక్కోకుండా ఏమీ ముట్టుకోవద్దు. రాగి గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, రెండుసార్లు ప్రయత్నించి దండం పెట్టేశాను. మెత్తటి లోహమంటే సులువుగా తెగేదని అనుకునేవాణ్ణి. జిగురుగా సాగే స్వచ్ఛమైన అల్యూమినియం రేకు కంటే, దానికంటే గట్టిదైన 6061 అనే మిశ్రమ అల్యూమినియం ప్లేటు ఎంతో శుభ్రంగా తెగుతుంది. ఇది నాకు రెండు రేకులు పాడయ్యాకే తెలిసింది.

ఇక అసలు గొడవ.

నేను ఎక్కువగా చేసేవి బేరింగ్ కూర్చునే ప్లేట్లు. 608 బేరింగ్ బయటి వ్యాసం 22 మి.మీ. దానికి ప్లేటులో గుంట కోయాలి, బొటనవేలితో నొక్కితే బిగుతుగా దిగాలి. ఒక రోజు అచ్చంగా అలాగే వచ్చేది. బిట్ మార్చి, అదే ఫైలు మళ్ళీ నడిపితే బేరింగ్ గలగలా ఊగేది. ఇంకో బిట్‌తో అసలు దిగేదే కాదు. మొదట బిట్లు చేసినవాణ్ణి తిట్టుకున్నాను. తర్వాత ఫ్రేమ్ వంగుతోందనుకున్నాను (కొంచెం వంగుతుంది కూడా, అది వేరే సంగతి). చివరికి తెలివిమీరి ఒక పద్ధతి కనిపెట్టాను. బిట్ మార్చినప్పుడల్లా ఒక తుక్కు ముక్క మీద గాడి కోసి, వెర్నియర్‌తో కొలిచి, ఎంత వస్తే అంతే ఆ బిట్ వ్యాసమని క్యామ్‌లో (బిట్ నడవాల్సిన దారిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో) రాసేవాణ్ణి. ఒకదానికి 3.26. ఒకదానికి 3.11. నోటు పుస్తకంలో బిట్లకు నంబర్లు వేసి మరీ రాసుకున్నాను. అన్నీ 3.175 అని డబ్బా మీద రాసి ఉన్న బిట్లే! చూసినవాళ్ళు నా శ్రద్ధను మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను.

రెండో ఏడు చివర్లో, 6 మి.మీ. ప్లేటులో 3 మి.మీ. లోతు పాకెట్, అంటే అడుగు చదునుగా ఉండే గుంట, కోస్తున్నాను. దాదాపు గంట పని. మొదటి అరగంట దగ్గరే కూర్చుని, అంతా సవ్యంగా ఉందని పక్క గదిలోకి వెళ్ళాను. కాసేపటికి చప్పుడు మారింది. మోటారు గొంతు బరువెక్కింది. పరుగెత్తుకొచ్చి హోల్డ్ నొక్కాను. ఇక్కడ ఇంకో పాఠం: హోల్డ్ నొక్కితే కదలిక ఆగుతుంది గానీ స్పిండిల్ ఆగదు. బిట్ ఉన్నచోటే గిర్రున తిరుగుతూ అల్యూమినియాన్ని రుద్దుతోంది. స్పిండిల్ ఆపేందుకు చెయ్యి చాపేలోపే టక్కుమని విరిగింది.

ప్లేటు తీసి కొలిచాను. పాకెట్ మొదలైన మూలలో లోతు 3.1. మధ్యలో 3.5. బిట్ విరిగిన మూలలో 4.2. అంటే అడుగు సమంగా లేదు, వాలుగా దిగుతూ పోయింది.

ఎవరైనా ఏమనుకుంటారు? జెడ్ యాక్సిస్ (స్పిండిల్‌ను పైకీ కిందికీ కదిపే భాగం) స్టెప్పులు తప్పిందనే. దాన్ని కదిపే, అడుగడుగుగా తిరిగే స్టెప్పర్ మోటార్లకు తాము ఎక్కడున్నదీ తెలియదు, కంట్రోలర్ చెప్పినంత తిరిగాయనుకుని అది ముందుకు పోతుంది. కాబట్టి కప్లింగ్ మరలు బిగించాను. డ్రైవర్ కరెంటు కాస్త పెంచాను. జెడ్ వేగం తగ్గించాను. లీడ్‌స్క్రూ తుడిచి నూనె పెట్టాను. రెండు ఆదివారాలు దీనికే పోయాయి. మళ్ళీ తుక్కు ప్లేటు మీద నడిపితే మళ్ళీ అదే వాలు.

విసుగొచ్చి మూడో ఆదివారం డయల్ గేజ్ (చిన్న చిన్న కదలికలను ముల్లుతో చూపే కొలత పరికరం) తీశాను. స్పిండిల్ బాడీకి ఆనించి, జెడ్ ఒక ఎత్తులో ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో రాసుకున్నాను. బిట్ కాడ మీద, నట్ అంచుకు సరిగ్గా ఆనేలా, మార్కర్‌తో ఒక గీత గీశాను. పాకెట్ కోయించాను. అయ్యాక జెడ్‌ను అదే ఎత్తుకు తెచ్చి చూస్తే ముల్లు దాదాపు మొదట ఉన్నచోటే ఉంది. అంటే జెడ్ నిర్దోషి. బిట్ మీద గీత మాత్రం నట్ కింద నుంచి అర మిల్లీమీటరు కిందికి దిగి ఉంది.

బిట్ కొలెట్‌లోంచి జారుతోంది!

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. బిట్ మెలిక చిప్స్‌ను పైకి తోస్తుంది, బదులుగా తనను తాను కిందికి లాక్కుంటుంది. పట్టు గట్టిగా ఉంటే ఫరవాలేదు. పట్టు చాలకపోతే కొంచెం జారుతుంది. జారితే కోత లోతవుతుంది, లోతైతే లాగుడు పెరుగుతుంది, ఇంకా జారుతుంది. చెక్కలో అంత లాగుడు ఉండదు కాబట్టి చెక్క పనిలో ఇది ఎప్పుడూ బయటపడలేదు.

మరి పట్టు ఎందుకు చాల్లేదు? నట్ విప్పాను. ఎప్పటిలాగే కొలెట్ స్పిండిల్‌లోనే ఇరుక్కుపోయి ఉంది. ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్ పిడితో పక్కనుంచి తట్టి బయటికి తీశాను. అలా తడుతుండగానే అనుమానం వచ్చింది. ఇది ప్రతిసారీ ఎందుకు ఇరుక్కుంటోంది?

ఈఆర్ కొలెట్ తెలిసినవాళ్ళకు ఈపాటికి నవ్వొచ్చి ఉంటుంది. ఆ నట్ లోపల, ఒక పక్కకు జరిగి ఉండే అంచు ఒకటి ఉంటుంది. కొలెట్ చుట్టూ ఒక గాడి ఉంటుంది. ముందు కొలెట్‌ను కాస్త వంచి నట్‌లోకి నొక్కాలి, టిక్కుమని గాడిలో పడాలి, ఆ తర్వాతే రెండింటినీ కలిపి స్పిండిల్‌కు ఎక్కించాలి. అప్పుడే కొలెట్ నిటారుగా కూర్చుంటుంది. నట్ విప్పినప్పుడు ఆ అంచే దాన్ని బయటికి లాగుతుంది కూడా. నేను రెండేళ్ళూ చేసిందేమిటంటే, కొలెట్‌ను స్పిండిల్‌లో వేసి, మీద నట్ బిగించడం. పెట్టెలో అలాగే వచ్చింది మరి. కొలెట్ స్పిండిల్‌లో, నట్ విడిగా సంచిలో. దాంతో పాటు ఇచ్చిన కాగితంలో బొమ్మ కూడా అలాగే ఉంది. నా కోపమంతా ఆ బొమ్మ మీదే. ప్రతిసారీ స్క్రూడ్రైవర్‌తో తడుతూ కూడా నాకు అనుమానం రాకపోవడం, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం లాంటిదే.

సరిగ్గా ఎక్కించి, బిట్ కాడ మీద నట్‌కు దగ్గరగా డయల్ పెట్టి స్పిండిల్‌ను చేత్తో తిప్పాను. పాత పద్ధతిలో ముల్లు 0.09 మి.మీ. ఊగింది. టిక్కుమనిపించి ఎక్కిస్తే 0.05. కొలెటే మార్చి, కాస్త మంచి రకం వేస్తే 0.02.

అప్పుడు బేరింగ్ గుంటల రహస్యం కూడా విడిపోయింది. ఒంటి ఫ్లూట్ బిట్‌కు కోసే అంచు ఒక్కటే. బిట్ మధ్యలోంచి పక్కకు జరిగి తిరుగుతున్నప్పుడు, ఆ అంచు జరిగిన వైపే ఉంటే గాడి వెడల్పవుతుంది, అవతలి వైపు ఉంటే ఇరుకవుతుంది. బిట్‌ను కొలెట్‌లో ఎటు తిప్పి పెట్టానన్నదాన్ని బట్టి 3.26, 3.11. బిట్లు చేసినవాడి తప్పేమీ లేదు. అదే రెండు ఫ్లూట్ల బిట్ అయితే, ఒక అంచు తన వాటా, పక్కదాని వాటా కలిపి కోస్తుంది, రెండోది ఊరికే రుద్దుతుంది. కొత్తలో నా రెండు ఫ్లూట్ల బిట్లు త్వరగా పోవడానికి నిదానపు ఫీడ్ ఒక్కటే కారణం కాదన్నమాట. నేను అంతగా పొగిడిన ఒంటి ఫ్లూట్ బిట్ చేసిన ఘనకార్యంలో కొంత భాగం, కొలెట్ లోపాన్ని కప్పిపుచ్చడమే.

ఆ ఉత్సాహంలో పాత ఫైళ్ళతో నాలుగు ప్లేట్లు కోశాను. ఒక్క బేరింగూ దిగలేదు. క్యామ్‌లో ఇంకా 3.26 అనే ఉంది కదా! నోటు పుస్తకంలో రాసుకున్న నంబర్లన్నీ ఒక్క పూటలో చెత్తయిపోయాయి. ఫైళ్ళన్నీ మళ్ళీ చేయడానికి వారం పట్టింది.

ఇంకో చిన్న దోషి నూనె. అల్యూమినియానికి నూనె చుక్క పడాలి, నిజమే. కానీ అది కాడ మీదుగా కొలెట్‌లోకి పాకితే పట్టు ఏముంటుంది? ఇప్పుడు బిట్ పెట్టేముందు కాడనూ, కొలెట్ లోపలి భాగాన్నీ తుడుస్తాను. కాడ కొలెట్ పొడవునా లోపలికి వెళ్ళేలా చూస్తాను. మొదట్లో నూనె బదులు ఆల్కహాల్ చిలకరించేవాణ్ణి, శుభ్రంగా ఆరిపోతుంది కదా అని. కార్బన్ బ్రష్‌లున్న మోటారులో లేచే నిప్పురవ్వలు ఒక రాత్రి చీకట్లో కళ్ళారా చూశాక ఆ సీసా ఆ గదిలోకి రానివ్వలేదు.

కొలెట్ మార్చి ఏడాదైంది. బిట్ జారలేదు. ఒక్కో బిట్ ఎక్కువ రోజులు వస్తోంది. మొండిపట్టు వదిలి రెండు ఫ్లూట్ల బిట్ కూడా మళ్ళీ వేసి చూశాను. అంచుల వెంట కోసేటప్పుడు బాగానే ఉంది. గాడిలో మాత్రం చిప్స్‌కు చోటు చాలక బిగుసుకుపోతుంది, అక్కడ ఇప్పటికీ ఒంటి ఫ్లూటే. ఫ్రేమ్ గురించి నేను తిట్టిన తిట్లు కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను, అన్నీ కాదు. 0.4 ఉన్న లోతు 0.6 దాకా పెంచగలిగాను. అంతకు మించితే గాంట్రీ (స్పిండిల్‌ను మోసే అడ్డ దూలం) వణుకుతుంది, గోడల మీద అలలు కనిపిస్తాయి. వెన్నలా తెగుతుందన్నానే, ఆ మాట కూడా కొంచెం తగ్గించుకుంటున్నాను. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న అనుకోండి.

కొనమంటావా అని అడిగితే సూటిగా చెప్పలేను. నేను సాయంత్రాలు సరదాకు చేసేవాణ్ణి. 6 మి.మీ. దాటిన ప్లేటు ముట్టుకోను, ఫలానా రోజుకు ఇవ్వాలన్న టెన్షన్ లేదు, పాకెట్‌కు గంట పట్టినా పక్కన కూర్చుంటాను. ఇప్పుడు నిజంగానే పక్కన కూర్చుంటాను. నా లాంటి వాళ్ళకైతే బహుశా సరిపోతుంది, రాగి జోలికి పోనంత వరకు. రోజూ పది పీసులు తీయాల్సిన వాళ్ళకు నా అనుభవం పనికిరాదు, వాళ్ళు బరువైన మెషీన్ చూసుకోవడమే నయమేమో. ఏది కొన్నా, పెట్టెలో వచ్చిన కొలెట్‌ను డయల్ పెట్టి చూడకుండా లోహం మీదికి వెళ్ళొద్దు.

పాత కొలెట్ డబ్బాలోనే ఉంది. చెక్క పని పడితే వాడదామని దాచాను. ఈ ఏడాదిలో చెక్క పని చాలానే పడింది, దాన్ని మాత్రం ముట్టుకోబుద్ధి కాలేదు.