విండోస్ 98ని కొత్త ల్యాప్‌టాప్ నుంచి నడపాలంటే: టైట్‌వీఎన్‌సీ 1.3.10

టైట్‌వీఎన్‌సీ అంటే ఒక కంప్యూటర్ స్క్రీన్‌ని నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్‌లో చూస్తూ నడిపే సాఫ్ట్‌వేర్: పాత మెషీన్‌లో దాని సర్వర్, ల్యాప్‌టాప్‌లో వ్యూయర్ ఉంటాయి. ముందే చెప్పేస్తున్నా, ఇది కొత్త సాఫ్ట్‌వేర్ కాదు, 2009 నాటి వెర్షన్. తర్వాత వచ్చిన 2.0ని మొదటినుంచి తిరగరాసి విండోస్ 95, 98లను వదిలేశారు, అందుకే పెంటియం కాలం మెషీన్ ఉన్నవాళ్లకి ఇప్పటికీ ఇదే దిక్కు. ఉచితం.

మా ప్రెస్‌లో పాత శుభలేఖలు, కరపత్రాలు అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం ఫైళ్లే. ఆ తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు, వాటి కీబోర్డ్ డ్రైవర్ కొత్త విండోస్‌లో ఎక్కదు. మానిటర్ పోయింది కానీ సీపీయూ మాత్రం రాయిలా ఉంది. మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్‌తో 98ని నడపలేం, ఆ సదుపాయం ఎక్స్‌పీ ప్రొఫెషనల్ నుంచే. నెట్‌మీటింగ్‌లో అలాంటిదొకటి ఉండేది, ఇప్పటి కంప్యూటర్లలో నెట్‌మీటింగే లేదు. వీఎన్‌సీ (టైట్‌వీఎన్‌సీకి మూలం) అలా కాదు, కేంబ్రిడ్జిలోని ఒక పరిశోధనాశాల 1998లో బయటపెట్టిన పద్ధతే నేటికీ నడుస్తోంది, ఇవాళ్టి వ్యూయర్ కూడా పాత సర్వర్‌తో మాట్లాడుతుంది.

అసలు తలనొప్పి దాన్ని మెషీన్‌లోకి ఎక్కించడమే. 98 బ్రౌజర్‌లో ఇప్పటి సైట్లు తెరుచుకోవు, పెన్‌డ్రైవ్ పెడితే డ్రైవర్ అడుగుతుంది, ఫోల్డర్ షేర్ చేద్దామంటే కొత్త విండోస్‌లో ఆ పాత పద్ధతి ఆపేసి ఉంటుంది. సీడీ రాసుకోండి, లేదా ల్యాప్‌టాప్‌లో చిన్న ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే) సర్వర్ పెట్టుకుని 98లోని ఎఫ్‌టీపీ కమాండ్‌తో లాక్కోండి. మానిటర్, కీబోర్డ్ పీకేసి వాడాలనుకుంటే ముందు బయోస్‌లో (మెషీన్ ఆన్ చేయగానే వచ్చే మొదటి సెట్టింగ్స్‌లో) 'హాల్ట్ ఆన్' దగ్గర 'నో ఎర్రర్స్' పెట్టాలి, లేకపోతే కీబోర్డ్ లేదని అక్కడే ఆగి కూర్చుంటుంది.

ఇక స్పీడ్. నెట్‌లో అందరూ ఇచ్చే సలహా, కంప్రెషన్ (పంపే స్క్రీన్ బొమ్మను కుదించడం) పెంచు, స్పీడ్ పెరుగుతుంది అని. పాత మెషీన్ల దగ్గర ఇది తలకిందులు. 1024x768, 16 బిట్ రంగుల స్క్రీన్ అంటే ఒక్క ఫ్రేమ్ 15 లక్షల 72 వేల బైట్ల పైనే, 10 ఎంబీపీఎస్ కార్డుతో అలాగే పంపితే సెకను దాటుతుంది, నిజమే. కానీ 100 ఎంబీపీఎస్ కార్డు ఉంటే వైరు ఖాళీగానే ఉంటుంది, నలిగిపోయేది ప్రాసెసర్. టైట్ ఎన్‌కోడింగ్ (స్క్రీన్‌ని పంపే పద్ధతుల్లో ఒకటి) గట్టిగా కుదిస్తుంది కానీ ఆ కుదించే పనంతా పాపం ఆ ముసలి పెంటియం నెత్తిమీదే. వ్యూయర్‌లో దాని బదులు తేలికగా కుదించే హెక్స్‌టైల్ పెట్టి చూడండి, మెనూలు టకటకా తెరుచుకుంటాయి. సర్వర్ సెట్టింగ్స్‌లో 'పోల్ ఫుల్ స్క్రీన్' (స్క్రీన్ మొత్తాన్ని పదేపదే చదవడం) జోలికి పోవద్దు, 'ఫోర్‌గ్రౌండ్ విండో' ఒక్కటి చాలు. ఎక్స్‌పీలో అయితే స్క్రీన్‌లో ఏది మారిందో చెప్పే మిర్రర్ డ్రైవర్ పెట్టుకోవచ్చు, 98కి అది లేదు. పైగా 98 గ్రాఫిక్స్ కోడ్‌లో చాలా భాగం 16 బిట్‌దే, ఒకరు వాడుతుంటే మిగతా ప్రోగ్రాములు లైన్లో నిలబడాల్సిందే, కాబట్టి సర్వర్ ఊరికే స్క్రీన్ చదువుతూ ఉంటే పేజ్‌మేకర్ కూడా నత్తనడకే.

టైట్ తప్పనిసరైతే అందులో జేపెగ్ (బొమ్మల నాణ్యత తగ్గించి కుదించే పద్ధతి) ఆపేయండి. జేపెగ్ ఉన్నా తెల్ల కాగితం మీది అక్షరాలకి ఏమీ కాదు, రంగులు తక్కువ కనుక ఉన్నదున్నట్టే వస్తాయి. కానీ శుభలేఖలో వినాయకుడి బొమ్మ మీద పేరు వేశారనుకోండి, 'లక్ష్మి'లో కింది ఒత్తులు మసకబారి ప్రూఫ్ చూడటం నరకం.

తెలుగు టైపింగ్ మాత్రం హాయిగా ఉంది. వ్యూయర్ మనం నొక్కిన ఇంగ్లిష్ అక్షరాన్నే పంపుతుంది, అవతల పాత డ్రైవర్ దాన్ని తెలుగు చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో తెలుగు కీబోర్డ్ ఆన్‌లో లేకుండా చూసుకుంటే చాలు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. శబ్దం రాదు. డాస్ ప్రోగ్రాం ఫుల్ స్క్రీన్‌లోకి వెళ్తే మీకు కనిపించదు, పాత అకౌంట్స్ ప్యాకేజీలు నడిపేవాళ్లు దాన్ని విండోలోనే పెట్టుకోవాలి. పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలే లెక్క, స్క్రీన్ బొమ్మలు, కీస్ట్రోకులు ఏ రహస్యలిపీ లేకుండా వెళ్తాయి. పైగా 98కి మైక్రోసాఫ్ట్ 2006 జులైలోనే సెలవు చెప్పేసింది. ఇంట్లో నుంచి షాపులో మెషీన్ చూద్దామని రూటర్‌లో వీఎన్‌సీ వాడే 5900 పోర్ట్ తెరిచారో, ఊరందరికీ తలుపు తీసినట్టే. బయటి నుంచి కావాలంటే షాపులో ఒక కొత్త మెషీన్‌కి వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా వెళ్లే రహస్య దారిలో) వచ్చి, అక్కడి నుంచి దీనిలోకి వెళ్లండి.