వల్లే ద జూలో వాచీలు చేసే చోటు: దారి, బస, చూసినవి, ఖర్చు

వాచీల పిచ్చి ఉన్నవాళ్ళు స్విట్జర్లాండ్ వెళ్తే ముందు జెనీవాలో దిగుతారు. సరస్సు ఒడ్డున వరసగా ఉన్న షోరూముల అద్దాల్లోకి తొంగి చూసి, ధరలు చదివి నిట్టూర్చి, ఒక ఫొటో దిగి వచ్చేస్తారు. అవి అమ్మే చోట్లు. చేసే చోటు చూడాలంటే జూరా కొండల్లోకి పోవాలి. మేము పోయింది వల్లే ద జూ అనే లోయకి. ఫ్రాన్స్ సరిహద్దుని ఆనుకుని, వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. మధ్యలో పొడవాటి సరస్సు, చుట్టూ స్ప్రూస్ అడవి. చలికాలంలో సరస్సు గడ్డకట్టి, జనం దాని మీద స్కేటింగ్ చేస్తారట.

వెళ్ళింది నేనూ, మా బావమరిదీ. వాడికి జూరిక్‌లో ఉద్యోగం. వాచీల పిచ్చి వాడిది, ఖర్చులు రాసుకునే పని నాది. కాబట్టి కింద రాసినదాంట్లో మెచ్చుకోలు కాస్త వాడి ఖాతాలో వేసి, సణుగుడు నా ఖాతాలో వేయండి.

ముందు అనుమతి సంగతి. పెద్ద కంపెనీలకి వెబ్‌సైట్లో బుకింగ్ ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కూర్చుని పనిచేసే చిన్న వర్క్‌షాపుకి అలాంటివేమీ ఉండవు. మెయిల్ రాయాలి, ఆగాలి. మావాడు ఫ్రెంచిలో నాలుగు చోట్లకి రాశాడు. రెండు చోట్ల నుంచి జవాబే లేదు, ఒకచోట మర్యాదగా కుదరదన్నారు, ఒకాయన మాత్రం సెప్టెంబరులో రమ్మన్నాడు. పేరు రాయొద్దని అడిగాడు కాబట్టి రాయడం లేదు. జూలై, ఆగస్టుల్లో ప్లాను చేసుకునేవాళ్ళు జాగ్రత్త: ఆ నడుమ కొన్ని వారాలు వాచీ పరిశ్రమంతా ఒకేసారి సెలవు తీసుకుంటుంది, లోయ సగం ఖాళీ అయిపోతుంది.

జెనీవాలో ఒక ఏజెన్సీ 'వాచీ నిపుణుడితో ఒక రోజు' అని కారుతో సహా ప్యాకేజీ అమ్ముతోంది. ప్రోగ్రాం కాగితం తెప్పించుకుని చదివాం. ఆ రోజులో సగం షోరూములోనే గడిచిపోతుంది, పనిబల్ల దగ్గర నిలబడేది ముప్పావుగంట. ఆ డబ్బుకి ఇద్దరం లోయలో మూడు రాత్రులు ఉండొచ్చు. వద్దనుకున్నాం.

కారు అవసరం లేదు. లోజాన్ నుంచి రైల్లో గంట పైచిలుకు ప్రయాణం. సరస్సు పక్క నుంచి సాగే చివరి భాగం కోసం కుడి ఎడమ కిటికీల మధ్య అటూ ఇటూ తిరగడమే సరిపోయింది. ల సాంతియే ఈ లోయలో ముఖ్యమైన ఊరు. సూపర్‌మార్కెట్టూ, వాచీల మ్యూజియమూ అక్కడే. 1833 నుంచి ఉన్న జేజర్ లెకూల్త్ర్ వాచీల ఫ్యాక్టరీ కూడా అక్కడే. రైలు చివరి స్టేషను ల బ్రాస్యూ. సాయంత్రం పని వదిలే వేళకి రోడ్డంతా ఫ్రాన్స్ నంబరు ప్లేట్ల కార్లే. పొద్దున సరిహద్దు దాటి వచ్చి, వాచీలు బిగించి, రాత్రికి ఇంటికి పోయేవాళ్ళు వేలమంది. ఒకటీ అరా బస్సులో తిరగాలనుకుంటే ఆ గంట తప్పించండి.

బసకి రెండు చోట్లు చూశాం. మొదటిది పాతకాలపు చిన్న హోటలు, పేరు అనవసరం. ఆరు దాటితే రిసెప్షన్లో మనిషి ఉండడు. తాళం పెట్టెకి కోడ్ మెసేజి పంపుతామన్నారు, పంపలేదు. చలిలో గుమ్మం ముందు నిలబడి ఫోన్లు చేస్తే ఎప్పటికో ఒకావిడ వచ్చి, తప్పు మాదే అన్నట్టు చూసి తలుపు తీసింది. గది మాత్రం శుభ్రంగా ఉంది. రెండోది వంటిల్లున్న అపార్ట్‌మెంట్. తక్కువ ధర, ఎక్కువ సుఖం. ఈ లోయలో తొమ్మిది దాటాక తినడానికి దొరకడం కష్టం, ఆదివారం మరీనూ. శాకాహారికి మిగిలేవి రోస్టీ (బంగాళదుంప తురుము అట్టు), ఫాండ్యూ (కరిగించిన చీజ్‌లో రొట్టె ముంచుకు తినేది), సలాడ్. రెండోరోజుకే చీజ్ మొహం మొత్తుతుంది కాబట్టి కుక్కరు పెట్టుకునే వీలుండటం పెద్ద విషయం. అయితే సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే వాష్రాఁ మోఁదోర్ చీజ్‌ని మాత్రం వదలొద్దు. స్ప్రూస్ చెక్క పట్టీ చుట్టి, గుండ్రటి పెట్టెలో వస్తుంది. పెట్టెతో సహా ఓవెన్లో పెట్టి, కరిగాక బంగాళదుంపల మీద పోసుకుంటారు. డబ్బున్నవాళ్ళకి ల బ్రాస్యూలో ఒడెమార్ పిగే అనే వాచీల కంపెనీ 2022లో తెరిచిన హోటల్ డెజ్ ఓర్లోజే ఉంది. వాలు మీద జిగ్‌జాగ్‌గా దిగే భవనం. మేం బయట నుంచే చూశాం.

ఆ కంపెనీదే పక్కనే గాజుగోడల మ్యూజియం. 2020లో తెరిచారు, నత్తగుల్లలా చుట్టు తిరుగుతూ ఉంటుంది, ముందే బుక్ చేసుకోవాలి. కట్టడం అద్భుతం. కాకపోతే 1875 నుంచి తమ గొప్ప తామే చెప్పుకునే చోటు అది. వాచీ ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళు ముందు ల సాంతియేలోని ఎస్పాస్ ఓర్లోజేకి వెళ్ళడం మేలు. చిన్నది, హడావుడి లేదు. ఈ లోయ రైతులు మంచు పడి పొలం పని ఆగిపోయే నెలల్లో ఇంట్లో కూర్చుని పళ్ళచక్రాలు, స్ప్రింగులు చేయడం ఎలా మొదలైందో అక్కడ అర్థమవుతుంది. తర్వాత బయటికొచ్చి పాత ఇళ్ళ పైఅంతస్తులు చూస్తే, పక్కపక్కన అన్ని కిటికీలు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు. పనిబల్ల మీద వెలుతురు పడాలి.

మేం వెళ్ళిన వర్క్‌షాపు అలాంటి ఇంట్లోనే, పై అంతస్తులో. యజమానికి అరవై దాటి ఉంటాయి. ఇంకో ఇద్దరు పనిచేస్తారు. కోట్లు విప్పించి, తెల్లకోట్లు ఇచ్చి, చెప్పులకి తొడుగులు వేయించాడు. దుమ్ము అక్కడ అసలు శత్రువు. బల్లలు గుండెల ఎత్తున ఉంటాయి. మోచేతులు బల్ల మీద ఆనించి, తల వంచకుండా పని కళ్ళ ముందుకి తెచ్చుకోవడానికట. 'బావా, మన అబిడ్స్ రిపేరు షాపాయన ఇలా కూర్చునుంటే ఆ మెడనొప్పి వచ్చేది కాదు కదా' అన్నాడు మావాడు.

కిటికీ దగ్గరున్న అమ్మాయి చేసేపనే నేను ఎక్కువసేపు చూశాను. చేతిలో వాచీ లోపలి చక్రాలని పట్టి ఉంచే బ్రిడ్జి, చిటికెన వేలి గోరంత. దాని అంచుల్ని నలభై అయిదు డిగ్రీల వాలుకి ముందు ఆకురాయితో అరగదీస్తుంది. తర్వాత రాళ్ళతో, చివరికి ఒక ఎండుపుల్లతో రుద్దుతుంది. ఆ పుల్ల ఈ కొండల మీద పెరిగే పసుపుపచ్చ జెన్షన్ మొక్క కాడ. మెత్తగా ఉంటుంది, పాలిష్ పేస్టుని పట్టి ఉంచుతుంది. పది సార్లు రుద్దుతుంది, లెన్సులో చూస్తుంది, తుడుస్తుంది, మళ్ళీ రుద్దుతుంది. పనైన బ్రిడ్జిని వెలుగులో తిప్పితే అంచు మీద సన్నటి మెరుపు పట్టుచీర జరీ అంచులా తెగకుండా సాగింది. రెండు వాలంచులు లోపలి మూలలో కలిసేచోట గీత కత్తిలా ఉండాలి. తిరిగే యంత్రం పనిముట్టు అక్కడ గుండ్రంగానే కోయగలదు, పదును రావాలంటే చెయ్యే పడాలి. అందుకే తెలిసినవాళ్ళు వాచీ వెనక్కి తిప్పి ముందు ఆ మూలలే వెతుకుతారు.

ఉక్కు ముక్కలకి ఇంకో రకం పాలిష్. తగరపు పలక మీద సన్నటి పొడి, నూనె కలిపిన ముద్ద రాసి, దాని మీద ఉక్కుని గుండ్రంగా తిప్పుతారు. సరిగ్గా కుదిరితే ఒక కోణంలో నల్లగా, ఇంకో కోణంలో తెల్లగా కనపడుతుంది, మధ్యలో బూడిద రంగు ఉండదు. స్క్రూలకి నీలం రంగు కూడా పూసేది కాదు. ఇత్తడి రజను పోసిన చిన్న పళ్ళెంలో పెట్టి కింద మంట పెడితే గడ్డిరంగు, గోధుమ, ఊదా అలా మారుతూ మూడు వందల డిగ్రీల దరిదాపుల్లో నీలం తేలుతుంది. అప్పుడు క్షణం ఆలస్యమైతే ఆ స్క్రూ చెత్తబుట్టకే. మా కళ్ళముందే ఒకటి పోయింది. పెద్దాయన ఏమీ అనకుండా ఇంకోటి తీశాడు.

నాకు నచ్చింది ఆయన దాపరికం లేకపోవడం. హెయిర్ స్ప్రింగు (వాచీ లయని నిలిపే సన్నటి చుట్ట స్ప్రింగు), చక్రాల ఇరుసులు ఆనే చిన్న కెంపురాళ్ళు, పైన గాజు, తోలు బెల్టు బయట కొంటానని తనే చెప్పాడు. 'అన్నీ మేమే చేస్తాం' అనే ప్రకటనలు చదివీ చదివీ ఉన్న మాకు అది హాయిగా అనిపించింది. 'స్విస్ మేడ్' అని రాయడానికి ఉన్న షరతుల్లో, తయారీ ఖర్చులో కనీసం 60 శాతం ఆ దేశంలో కావాలన్నది 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన. ఆ రెండు మాటలకి మనం ఇచ్చే గౌరవం కాస్త ఎక్కువేనేమో.

మావాడి చేతికి వాళ్ళ నాన్నగారి హెచ్.ఎం.టి. కీ వాచీ ఉంది. పెద్దాయన అడిగి తీసుకుని, మూత విప్పి చూశాడు. సిటిజన్ వాళ్ళ సహకారంతో మన దేశంలో మొదలైన కంపెనీ అని చెబితే ఆసక్తిగా విన్నాడు. టైం కొలిచే మెషీన్ మీద పెడితే రోజుకి కొన్ని సెకన్లే వెనక. తను చేసే వాచీ, ఇదీ రెండూ సెకనుకి అయిదు టిక్కులే. టైం చూడటానికైతే నా వాచీ ఎవరికీ అక్కర్లేదని నవ్వేశాడు.

మరి ఇలాంటి ఒక్క వాచీకి కారంత ధర దేనికి? చూశాక నాకు కొంత అర్థమైంది, కొంత కాలేదు. ముగ్గురు మనుషులు నెలల తరబడి కూర్చుంటే ఏడాదికి చేయగలిగేది కొద్దే. ఇదే లోయలో ల సోలియాలో పాత బడి భవనంలో పనిచేసే ఫిలిప్ దుఫూర్, 1992లో గంటలు కొట్టే చేతి గడియారంతో పేరు తెచ్చుకున్నాయన. ఆయనకి 2000లో మొదలుపెట్టిన 'సింప్లిసిటీ' వాచీలు రెండు వందల చిల్లర చేయడానికి పదేళ్ళ పైనే పట్టింది. ఆ కూలి న్యాయం. ఆ వరసలోదే ఒకటి 2020లో జెనీవా వేలంలో 13 లక్షల ఫ్రాంకులు దాటింది చూడండి, అది పనికి కట్టిన ధర కాదు, దొరకనిదానికి కట్టింది. మావాడు ఒప్పుకోడు. రైల్లో లోజాన్ దాకా దీని మీదే వాదన.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. అక్కడికక్కడ కొనుక్కునేది ఏమీ ఉండదు, వెయిటింగ్ లిస్టే ఉంటుంది, అది కూడా ఏళ్ళ లెక్కన. 'డిస్కౌంట్ ఉందా' అని తమాషాకి కూడా అడగొద్దు. ఫొటోకి ముందు అడగండి. బల్ల మీద కస్టమరు వాచీ ఉంటే ఒప్పుకోరు. డబ్బు తీసుకోరు. మేం తీసుకెళ్ళిన కాజూ బర్ఫీ మాత్రం తీసుకున్నారు, పనిబల్లలకి దూరంగా, పక్కగదిలో తిన్నారు.

వర్క్‌షాపు అనుమతి దొరక్కపోతే లోయకి రావడం దండగా అంటే కాదు. వాచీ విప్పి మళ్ళీ బిగించే సగం పూట క్లాసులు ఉంటాయి, పిల్లలున్నవాళ్ళకి అదే మేలు. ఒక్క రోజే ఉందంటే మాత్రం లా షో ద ఫోఁ వెళ్ళండి. వాచీ పని కోసమే గళ్ళుగళ్ళుగా కట్టిన ఊరు, పక్కనున్న ల లోక్లతో కలిపి 2009లో యునెస్కో జాబితాలో చేర్చారు. అక్కడి అంతర్జాతీయ వాచీల మ్యూజియంలో ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. జెనీవాలో పటేక్ ఫిలిప్ మ్యూజియం కూడా చూడదగ్గదే, ఆది, సోమవారాలు మూసి ఉంటుంది కాబట్టి విమానం టికెట్ కొనేముందే వారం చూసుకోండి.