రాత్రి ఆకాశం పెయింటింగ్ కొన్నానండి, ట్యూబ్‌లైట్ కింద మాత్రం చూడకండి

ముందే చెప్పేస్తున్నా, నాకు పెయింటింగుల గురించి పెద్దగా తెలీదు. చిన్నప్పుడు స్కూలు నుంచి రాజమండ్రి దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లారు, ఆయన 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయారని మాస్టారు చెప్తే అయ్యో అనుకున్నాను, అంతే. అక్కడ మనిషి మనిషిలా చెట్టు చెట్టులా ఉంటాయి కాబట్టి మనకి ఇబ్బంది లేదు. ఈ అబ్‌స్ట్రాక్ట్ (అంటే ఇది ఫలానా అని ఆకారం తేలని బొమ్మల) వ్యవహారం మాత్రం ఇదే ఫస్ట్ టైము.

హాల్లో టీవీ ఎదురు గోడ బోసిగా ఉందని మా ఆవిడ రెండేళ్లుగా అంటోంది. భీమవరం వైపు ఇంట్లోనే బొమ్మలేసి అమ్మే ఒకావిడ పెట్టిన ఫొటో చూసి ఆర్డర్ ఇచ్చేశాను. మూడడుగులు బై రెండున్నర, కాన్వాసు మీద మిక్స్‌డ్ మీడియా, అంటే ఒట్టి రంగులే కాకుండా దొరికిందల్లా అతికించి చేసేదన్నమాట. 18,500 అయింది. ఇంట్లో పన్నెండే అని చెప్పా, ఇది మా ఆవిడ చదవదన్న ధైర్యంతోనే రాస్తున్నా.

ప్యాకింగ్ ఆవిడ బాగానే చేశారు, బబుల్ కవరు, నాలుగు మూలలకీ థర్మాకోలు, అయినా కొరియర్ వాళ్లు (పేరెందుకులెండి) ఒక మూల నొక్కేసి తెచ్చారు. అదృష్టం, చెక్క విరగలేదు. కూడా ఒక చిన్న కవర్లో చెక్క చీలికలు పెట్టారు, అవేంటా అని ఫోన్ చేస్తే కాన్వాసు వదులైతే వెనకాల ఫ్రేము మూలల్లో వీటిని మెల్లగా కొట్టండి, మళ్లీ బిగుస్తుంది అన్నారు. మన కోనసీమ చెమ్మకి పనికొచ్చే జాగ్రత్తే.

గోడకి తగిలించి ట్యూబ్‌లైట్ వేసి చూస్తే నిజం చెప్పాలంటే గుండె జారింది. నల్లగా, అక్కడక్కడ నీలంగా, తారు డబ్బా ఒలికినట్టుంది. మా బాబాయ్ కాఫీ తాగుతూ "ఏరా, కొత్త గోడకి అప్పుడే చెమ్మొచ్చేసిందా?" అన్నారు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదండి, డబ్బులు గుర్తొచ్చి.

మర్నాడు సాయంత్రం కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద వంటింటి గుమ్మం దగ్గర బల్బు ఒక్కటే వెలుగుతుంది మాకు, ఆ వెలుతురు పక్కవాటుగా పడేసరికి బొమ్మ మొత్తం లేచి నిలబడింది! నలుపు అనుకున్నది నలుపు కాదు, ముదురు నీలంలో కాఫీరంగు కలిపినట్టుంది, దాని కింద పేస్టు ఏదో చాకుతో దట్టంగా రాసి ఆరకముందే గీతలు లాగారు, ఆ గట్లకి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. పైన సన్న చుక్కలు టూత్‌బ్రష్‌తో తెల్లరంగు చిమ్మితే పడినవట. మధ్యలో నరసాపురం లేసు ముక్క ఒకటి పేస్టులో పాతేసి పైన రంగు పూశారు, కళ్లు దగ్గర పెట్టి చూస్తే క్రోషే (కొక్కెం సూదితో అల్లే) ముడులు ఒక్కోటీ చుక్కలాగే ఉంది. ఆ లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే ముద్ర, కూడా వచ్చింది కదా, టేబుల్ మీద గుడ్డగా చూశాం గానీ ఇలా ఆకాశం ఎక్కుతుందని ఎవరనుకుంటారు. ఒక అంచున కొబ్బరి పీచు కూడా అతికించారు. అది నాకు నచ్చలేదు, మరీ మనూరు మనూరు అని అరిచినట్టుంది.

బొమ్మతో పాటు ఒక కార్డు వచ్చింది, అంతరంగ వేదన, అనంత ప్రయాణం అంటూ పది లైన్లు. చదివి పక్కన పడేశా. వేదన ఎక్కడుందో చూపించింది మా అమ్మ. ఆ కరెంటు లేని సాయంత్రమే కుర్చీలో కూర్చుని చూస్తూ చూస్తూ, ఆ లేసు ముడుల గుంపు వైపు వేలు పెట్టి "ఒరే అబ్బాయ్, అది పిల్లలకోడి కదరా" అంది, అదే కృత్తికల చుక్కల గుంపు. తర్వాత కాసేపాగి "తుపాను తర్వాత మీ నాయనమ్మ చూపించింది చూడు" అంది.

1996 నవంబరు 6 తుపాను గురించి మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. దీపావళి నాలుగు రోజుల్లో ఉంది. అప్పుడు నేను ఏడో క్లాసు. తెల్లారేసరికి మా దొడ్లో ఉన్న కొబ్బరిచెట్లలో సగానికి పైగా నేలమీదున్నాయి, పెంకులన్నీ ఎగిరిపోయాయి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు. నాన్న చెట్ల మధ్య తిరుగుతూ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. మబ్బు విడిచాక ఒక రాత్రి మంచాలు వాకిట్లో వేసుకుంటే, ఎప్పుడూ మట్టలు కప్పేసి ఉండే చోట ఒక్కసారిగా బోలెడంత ఆకాశం. అమావాస్య దగ్గర్లో ఉందేమో అన్ని చుక్కలు నేను మళ్లీ చూళ్లేదు. నాయనమ్మ పిల్లలకోడిని చూపించి ఎన్నున్నాయో లెక్కెట్టమంది, నాకు ఆరే వచ్చాయి. అంత అందంగా ఉందని సంతోషపడాలో, చెట్లు పోయాయి కాబట్టే కనిపిస్తోందని ఏడవాలో తెలీని వయసు. ఈ బొమ్మలో ముడులు లెక్కెట్టా, ఎనిమిది.

బొమ్మ వేసినావిడకి ఫోన్ చేసి ఇదంతా చెప్తే నవ్వి, పిల్లలకోడి అనుకుని పెట్టలేదండి, లేసు ముక్క అంతే మిగిలింది అన్నారు. కింద అంచున ఉన్న నారింజ చుక్కల వరస మాత్రం కావాలనే పెట్టారట, రాత్రిపూట మేడెక్కితే కనిపించే రొయ్యల చెరువుల లైట్లు. ఆ లైట్ల వల్లే పైన చుక్కలు తగ్గిపోయాయని ఆవిడ బాధ. ఏరియేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే మిషన్ల) చప్పుడు కూడా వేయగలిగితే వేద్దును అన్నారు.

ఇక లోపాలు. బొమ్మ మీద అతికించింది బంగారు రేకు అన్నారు గానీ అది అసలు బంగారం కాదు, రాగి జింకు కలిపిన ఇమిటేషన్ రేకు, పైన వార్నిష్ సరిగ్గా పడని చోట గాలికి రంగు మారుతుంది. నాకు నాలుగు నెలలకే కింద ఎడమ పక్క గోధుమరంగు తిరిగింది. అడిగితే తెచ్చిస్తే ఫ్రీగా మళ్లీ వార్నిష్ వేస్తామన్నారు, కానీ రాజోలు నుంచి అంత బొమ్మ బస్సులో ఎలా తీసుకెళ్తాం. ఫొటోలో నీలం ఎక్కువ కనిపించింది, అసలుది ఇంకా ముదురు, ఇది కూడా ముందే చెప్పుండాల్సింది. గట్ల మధ్య దుమ్ము చేరుతుంది, గుడ్డతో తుడవకండి, గుడ్డ పీచు గట్లకి పట్టుకుంటుంది, మెత్తటి కుంచెతో దులపాలి. గోడకి ఆనించకుండా వెనకాల నాలుగు మూలల్లో చిన్న బెండు ముక్కలు అతికించా, గాలాడుతుందని.

ఐదుకి నాలుగు స్టార్లు. కొనేవాళ్లు పగలు తీసిన ఫొటో ఒక్కటే చూసి డబ్బులు పంపకుండా, లైటు పక్కనుంచి పడేలా ఒక వీడియో తీసి పంపమని అడగండి. మా ఇంట్లో అయితే ఇప్పుడు సీరియల్ అయిపోగానే అమ్మ ట్యూబ్‌లైట్ ఆపేయమంటుంది, మా ఆవిడ పుస్తకం చదువుకుంటున్నా సరే, దాని మీద రోజూ గొడవే.